కుందేలు సాళువ ఇంటికి వెళ్లొచ్చాను

కోలారు పక్కన తమకలో బస్సు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వైద్య కళాశాల ఆస్పత్రి దగ్గర టీ అంగడి అప్పటికే కిటకిటలాడుతోంది. తెలుగూ కన్నడమూ కలగలిసిన మాటలు. నా మెడలో బైనాక్యులర్ చూసి అంగడాయన అడిగాడు: “యాడికి సార్, పొద్దున్నే?”

“కొండ మీదికి. గద్దను చూడాలని.”

“గద్దకి కొండెక్కల్నా? టమాట మార్కెట్టు తావ నిలబడండి, కావల్సినన్ని కనిపిస్తాయి!”

ఆయన చెప్పింది నిజమే. కానీ ఊళ్లో చెత్తకుప్పల మీద తిరిగేది మామూలు గద్ద. నేను వచ్చింది బొనెల్లీ ఈగల్ కోసం. తోక ఈటె మొనలా సాగి ఉండే ఆస్ట్రేలియా పెద్ద గద్ద, వెడ్జ్-టెయిల్డ్ ఈగల్, దీనికి చుట్టమే. రెండూ ఒకే ప్రజాతి. అక్కడిది రెక్కలు చాస్తే ఏడడుగులు దాటుతుంది. మనది అయిదడుగుల పైచిలుకు. ఇద్దరికీ కుందేలంటే ప్రాణం.

దీనికి మంచి తెలుగు పేరు ఉండేది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డాన్ 1862లో తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ మొదటి సంపుటంలో దాన్ని రాసిపెట్టాడు. కుందేలి సాలవ. సాళువ అంటే వేటడేగ. సాళువ నరసింహరాయల వంశనామంలో ఉన్నదీ ఆ మాటే. ఇప్పుడు మనం ఆకాశంలో తిరిగే ప్రతిదాన్నీ గద్ద అనేసి ఊరుకుంటున్నాం. పేరు పోయిన పక్షి పోయినా ఎవరికీ తెలియదని నా భయం.

ఆటోలో అంతరగంగ చేరి మెట్లెక్కాను. బసవన్న నోట్లోంచి పడే ఊటనీళ్లు తాగి, కోతుల్ని తప్పించుకుని, గుళ్లు దాటి పైకి నడిచాను. శతశృంగ పర్వతమని పురాణపు పేరున్న ఈ కొండంతా గుండ్రాళ్లే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, మధ్యలో గుహలు, సందుల్లో ముళ్లకంపలు. కుందేలుకీ కౌజుపిట్టకీ ఇంతకన్నా మంచి చోటు లేదు. వాటిని తినేదానికీ లేదు.

తేరుహళ్లి వైపు మేకలు మేపుతున్న అవ్వ నా పక్కన కూర్చుంది. ఈ పక్షి మేకపిల్లల్ని ఎత్తుకుపోతుందా అని అడిగాను.

“మా అత్త అట్లే చెప్తా ఉండె నాయనా. నేను చిన్నప్పటి నుంచి మేపతా ఉండా, నాది ఒక్క పిల్లా పోలేదు. కోడిపిల్లలు మాత్రం పోయినాయి.”

పక్షి బరువే రెండు కిలోలు. అది మేకపిల్లను ఎట్లా మోస్తుంది? అవ్వ మాటను నమ్మాను.

ఎత్తయిన బండ కింద నాకో ఉండ దొరికింది. బొటనవేలంత పొడవు, ఎండి తేలిగ్గా ఉంది. జీర్ణం కాని దాన్ని ఈ పక్షులు ఇలా కక్కేస్తాయి. పుల్లతో విడదీస్తే బూడిదరంగు బొచ్చు, నలిగిన ఈక, చిన్న ఎముక ముక్క. నిన్నటి భోజనం మొత్తం నా అరచేతిలో ఉంది.

తొమ్మిది దాటాక జంట కనిపించింది. తెల్లటి పొట్ట, నల్లటి రెక్కలు, తోక చివర నల్లపట్టీ. ఒకటి చాలా ఎత్తులో ఉండిపోయింది. రెండోది బండల్ని రాసుకుంటూ కిందికి దూసుకొచ్చింది. పావురాలు బెదిరి గుంపుగా లేచాయి. పైనున్నది రెక్కలు ముడిచి రాయిలా పడింది. ఈసారి గురి తప్పింది. ఇలా జంటగా పావురాల మీద పడటాన్ని జెర్డాన్ కూడా రాశాడు. నూటయాభై ఏళ్లు దాటినా విద్య మారలేదు.

చలికాలంలో బండ అరుగు మీద గానీ పెద్ద చెట్టు మీద గానీ పుల్లలతో గూడు కట్టి, పచ్చి ఆకులు పరుస్తాయి. సాధారణంగా రెండు గుడ్లు. నలభై రోజుల దాకా పొదుగుడు, మరో రెండు నెలలకు పిల్ల ఎగరడం. మధ్యలో మనం బెదరగొడితే ఆ ఏటి సంతానం పోయినట్టే. నేను చూసిన గూడు ఏ బండ మీదుందో అందుకే ఇక్కడ రాయడం లేదు.

ఈ జిల్లాలో రాతి క్వారీలు బండల్ని తినేస్తున్నాయి. కుందేళ్లు తిరిగిన బీళ్లలో నీలగిరి తోటలు లేచాయి. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది కానీ ఉన్నవి ఉన్నాయి. పొలంలో ఎలుకలకు పెట్టే మందు, తిన్న ఎలుక ద్వారా పక్షికి చేరుతుంది. కరెంటు స్తంభం మీద వాలి రెక్క రెండు తీగలకు తగిలితే అక్కడికక్కడే ప్రాణం పోతుంది. స్పెయిన్‌లో బొనెల్లీలను ఎక్కువగా చంపుతున్నది ఇదే.

దీని చుట్టానికైతే మనుషుల పగే ముప్పయింది. గొర్రెపిల్లల్ని తింటాయన్న నెపంతో ఆస్ట్రేలియాలో పెద్ద గద్దల తలలకు ప్రభుత్వాలే వెల కట్టాయి. ఒక్క పశ్చిమ ఆస్ట్రేలియాలోనే 1968 వరకు నలభై ఏళ్లలో లక్షన్నరకు దగ్గరగా చంపారు. కాలం మారి, 2018లో విక్టోరియాలో నాలుగు వందలకు పైగా గద్దలకు విషం పెట్టిన వ్యక్తిని జైలుకు పంపారు. మనకు అవ్వ లాంటివాళ్లు ఉండబట్టి అలాంటి పగ పుట్టలేదు.

అంతరగంగకు వచ్చేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. డిసెంబరు నుంచి మార్చి దాకా గూడున్న బండ ఎక్కకండి, దాని మీద డ్రోన్ ఎగరెయ్యకండి. పిల్లలకు ఆకాశం చూపించేటప్పుడు ఆ పక్షి పేరు కుందేలు సాళువ అని చెప్పండి.