డిస్కు వంగిందట! ఎంత?

మనలో ఎవరమూ కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించం. దిష్టి గుమ్మడికాయ కొట్టం. ఎవరైనా కొడితే నవ్వుకుంటాం కూడా. అయితే అదే కారుని షెడ్డుకి తీసుకెళ్ళినప్పుడు మెకానిక్ "సార్, డిస్కు బెండ్ అయింది" అంటే చాలు, జేబులో చెయ్యి పెడతాం. ఎలా తెలిసిందని అడగం. దేనితో కొలిచావని అసలే అడగం. ఈ వ్యాసం ఆ రెండో నమ్మకం గురించి.

నేను మెకానిక్‌ని కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ పద్దుల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు బిల్లులూ వోచర్లూ తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఒకే పనికి ఒకే కారణం చూపించి మూడోసారి బిల్లు వస్తే అక్కడ ఆగి ప్రశ్న వేయడం మా ఉద్యోగంలో అలవాటు. ఆ అలవాటే ఈమధ్య ఒక మిత్రుడి కారు దగ్గర పనికొచ్చింది.

ఆయన మన సంఘం సభ్యుడే. చేతిలోంచి విభూతి రాల్చే బాబాల కిటుకులన్నీ స్కూలు పిల్లలకి చేసి చూపిస్తారు. ఆయన కారు 80 వేగంలో ఉండగా బ్రేకు మీద కాలు పెడితే స్టీరింగు చేతుల్లో గజగజ వణికేది, పెడల్ కాలిని వెనక్కి తన్నేది. మొదటిసారి షెడ్డులో డిస్కులు లేత్ పట్టించారు. వణుకు పోయింది, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. తర్వాత కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశారు. సుమారు 6,000 కిలోమీటర్లకి మళ్ళీ మొదలు. ఇంకో షెడ్డుకి వెళితే అక్కడా కొత్త డిస్కులే వేశారు, మళ్ళీ అదే కథ. మూడు బిల్లులూ కలిపి 23 వేలు దాటాయి. శ్రీశైలం ఘాట్ దిగుతుంటే బండి వణికిన వణుకుకి వాళ్ళావిడ "ఇక ఈ కారెక్కను" అని తేల్చి చెప్పేశారు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఘాట్ రోడ్డు మీద బ్రేకుని నమ్మలేకపోవడం చిన్న విషయం కాదు.

"ప్రతిసారీ పనిచేసింది కదండీ! డిస్కు వంగకపోతే, మార్చగానే ఎందుకు పోతుంది?" అన్నారాయన.

ఈ వాదన ఎక్కడో విన్నట్టు లేదూ? తాయెత్తు కట్టగానే జ్వరం తగ్గింది కదా అనే వాదనకి ఇది సొంత అన్నదమ్ముడు. కామర్స్ చదివినవాళ్ళకి ఇంకో పోలిక చెబుతాను. ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా సరిపోయినంత మాత్రాన పద్దులు సరైనవని రుజువు కాదు. ఒక తప్పుని ఇంకో తప్పు కప్పెయ్యొచ్చు. తేడా ఎక్కడిదో తెలియకపోతే సస్పెన్స్ ఖాతాలో వేసి ఆ నెల గడిపేస్తారు. ఆ కారులో ప్రతి కొత్త డిస్కూ ఒక సస్పెన్స్ ఖాతా.

అసలు లోపల జరిగేది చూద్దాం. డిస్కు పోత ఇనుముతో చేసింది. మామూలు రోడ్డు వాడకంలో అది అప్పడంలా వంకర తిరగడం అరుదు. అది హబ్ ముఖానికి ఆనుకుని కూర్చుంటుంది. ఆ ముఖం మీద తుప్పో, మట్టో, పాత పెళుసో ఉంటే డిస్కు కొంచెం వాలుగా కూర్చుంటుంది. హబ్ దగ్గర ఉన్న తేడా డిస్కు అంచుకి చేరేసరికి దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు డిస్కు తిరిగేటప్పుడు పక్కలకి ఊగుతుంది. చాలా కార్లకి కంపెనీలు అనుమతించే ఊగు 0.05 నుంచి 0.10 మి.మీ. దాకా ఉంటుంది. మన వెంట్రుక మందం ఇంచుమించు అంతే. కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

చిత్రమేమిటంటే, ఈ ఊగు మొదట్లో మనకి తెలియదు. చాలా కార్లలో కాలిపర్ డిస్కుతో పాటు అటూ ఇటూ జరిగే రకం కాబట్టి సర్దుకుపోతుంది. కానీ బ్రేకు వేయనప్పుడు కూడా ఊగే డిస్కు చుట్టుకోసారి ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుంటుంది. చిన్న కారు చక్రం చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు అనుకుంటే 6,000 కిలోమీటర్లకి ముప్పై లక్షలపైన చుట్లు. అన్నిసార్లు రాసుకుంటే అక్కడ డిస్కు మందం తగ్గుతుంది. మందంలో 0.02 మి.మీ. తేడా వచ్చినా చాలు, బ్రేకు వేసినప్పుడు పట్టు మారుతూ పెడల్ తంతుంది, స్టీరింగు వణుకుతుంది.

ఇప్పుడు మిత్రుడి ప్రశ్నకి జవాబు దొరికింది. కొత్త డిస్కు మందం అంతటా సమానం, అందుకే వణుకు వెంటనే పోతుంది. హబ్ మీది తుప్పు అలాగే ఉంది, అందుకే మళ్ళీ వస్తుంది. పోవడానికీ తిరిగి రావడానికీ రెండిటికీ ఒకే కారణం సరిపోతోంది. "డిస్కు బెండ్" అనే మాట మొదటిదానికే జవాబు చెబుతుంది.

సరే, ఇది కూడా ఒక కథే కావచ్చు కదా? అందుకే పరీక్ష పెట్టాం. బాలానగర్‌లో లేత్ షాపు నడిపే తెలిసినతను డయల్ గేజి, మైక్రోమీటరు తెచ్చాడు. ముందు బేరింగులో ఆట లేదని చూశాం. తర్వాత డిస్కుని నట్లతో గట్టిగా బిగించి, అంచుకి కాస్త లోపల గేజి ఆనించి చేత్తో తిప్పాం. ఎడమ చక్రం 0.03, కుడి చక్రం 0.14 చూపించాయి. కుడి డిస్కు మీద ఎత్తుగా ఉన్నచోట సుద్దతో గీత పెట్టి, దానికి ఎదురుగా హబ్ బోల్టు మీద కూడా గుర్తు పెట్టాం. డిస్కు విప్పి సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించాం. కొలవకముందే కాగితం మీద రాసుకున్నాం: లోపం డిస్కుదైతే ఎత్తు సుద్దగీతతో వెళ్ళాలి, హబ్‌దైతే బోల్టు దగ్గరే ఉండిపోవాలి.

బోల్టు దగ్గరే ఉండిపోయింది.

విప్పి చూస్తే హబ్ ముఖం మీద ఒకవైపు తుప్పు పొర గట్టిపడి ఉంది. మూడుసార్లూ డిస్కుని దాని మీదే బిగించారన్నమాట. వైరు బ్రష్షు, ఎమరీ కాగితంతో శుభ్రం చేశాక ఊగు 0.05కి దిగింది. డిస్కు మందం ఎనిమిది చోట్ల కొలిస్తే అప్పటికే 0.02 తేడా వచ్చి ఉంది కాబట్టి పల్చగా లేత్ పట్టించాం. డిస్కు మీద అచ్చువేసి ఉన్న కనీస మందం కంటే ఇంకా బాగా ఎక్కువే ఉంది. చక్రం నట్లు మాత్రం గన్నుతో కాకుండా, టార్క్ రెంచితో ఎదురెదురుగా బిగించాం. ఒకవైపే ముందు బిగిస్తే డిస్కు మళ్ళీ వాలుతుంది.

తర్వాత వణుకు రాలేదు. "తగ్గింది కదా" అని అక్కడితో ఆగితే నా వాదన కూడా తాయెత్తు వాదనే అవుతుంది. అందుకని 10,000 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ గేజి పెట్టించాను: ఊగు 0.05, మందంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

వణికే ప్రతి కారుకీ తుప్పే కారణమని కాదు. బ్రేకు వేయకపోయినా ఒక వేగంలో వణికితే ముందు టైర్లూ బ్యాలెన్సింగూ చూడాలి. స్టీరింగు కాకుండా సీటు వణికితే వెనక బ్రేకులు చూడాలి. సడన్ బ్రేకు వేసినప్పుడు పెడల్ టకటకమంటే అది ఏబీఎస్ తన పని తాను చేసుకోవడం. ఘాట్ దిగి బ్రేకులు కాలిపోతున్నప్పుడు బండి ఆపి పెడల్ తొక్కిపట్టి కూర్చుంటే ప్యాడ్ పదార్థం డిస్కుకి ఒకచోట అంటుకుని మచ్చ పడొచ్చు. 2003లో మరణించిన అమెరికన్ రేసింగ్ ఇంజనీరు కారల్ స్మిత్ వంగిన డిస్కులనేవి అపోహ అని వ్యాసమే రాశాడు. ఆయన లెక్కలో అసలు దోషి ఇలా ఎగుడుదిగుడుగా అంటుకున్న ప్యాడ్ పదార్థమే. అందుకని ఘాట్‌లో కింది గేర్లో దిగడం, బ్రేకులు చల్లారేదాకా బండిని నెమ్మదిగా కదులుతూ ఉండనివ్వడం మంచిది.

మెకానిక్కుల మీద నాకు కోపం లేదు. వాళ్ళు గురువు దగ్గర విన్నమాటే మనకి చెబుతున్నారు, మనం అడగకుండా డబ్బిస్తున్నాం. ఈసారి ఎవరైనా "డిస్కు బెండ్ అయింది సార్" అంటే గొడవ పడకండి. "ఎన్ని మిల్లీమీటర్లు బాబూ? హబ్ కొలిచావా?" అని మర్యాదగా అడగండి. అంకె చెబితే పని చేయించుకోండి. చెప్పలేకపోతే, గేజి ఉన్న మనిషి దొరికేదాకా కొత్త డిస్కుల డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి, ఆ కారుతో ఘాట్ రోడ్డు ఎక్కకండి.