నీటికి మూడు అడ్డుపలకలు

నీటిని నిలువరించడం కంటె నీటికి నడక నేర్పడం కష్టమైన విద్య. ఆనకట్టలు కట్టినవారికీ, కాలువలు తవ్వినవారికీ ఈ సంగతి బాగా తెలుసు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరం వద్ద పూర్తయిన ఆనకట్ట గోదావరిని ఆపివేయలేదు. నీటి మట్టాన్ని కొంత పెంచి, కావలసినంత కాలువలకు మళ్ళించి, మిగిలినదానిని తన మీదుగా సాగనిచ్చింది. అదే సూత్రం మూడు అద్దపు పలకల రూపంలో మా హాలులోని చేపల తొట్టి కింద పనిచేస్తున్నది. దాని రూపకల్పనను మన సంస్థ కుటుంబ సభ్యులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా అమ్మాయి పై చదువులకు వెళుతూ తన తొట్టిని, అందులోని ఆరు గోల్డ్‌ఫిష్‌లను మాకు అప్పగించి వెళ్ళింది. గోల్డ్‌ఫిష్ చూపులకు సుకుమారమే గాని, తిండికీ విసర్జనకూ పెట్టింది పేరు. దాని మొప్పల నుంచి వెలువడే అమ్మోనియా నీటిలో పేరుకుంటే దానికే విషమవుతుంది. ఆ అమ్మోనియాను నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మార్చే సూక్ష్మజీవులు ప్రకృతిలోనే ఉన్నాయి. అవి అంటిపెట్టుకొని బ్రతకడానికి విశాలమైన ఉపరితలం, ప్రాణవాయువు గల నీటి ప్రవాహం కావాలి. తొట్టి అంచుకు తగిలించిన చిన్న ఫిల్టరుకు ఆ శక్తి చాలలేదు. రెండు చేపలు పోయాయి. మిగిలిన నాలుగింటిని దక్కించుకోవాలంటే తొట్టి కింద ఒక సంపు అమర్చడమే మార్గమని నిశ్చయించాము.

సంపు అనగానే ఇంటి ముంగిట నేలలోని నీళ్ళ తొట్టి గుర్తుకు వస్తుంది. ఇదీ ఆ జాతిదే. పై తొట్టిలో పొర్లిన నీరు గొట్టం ద్వారా ఇందులోకి దిగి, వడపోతకు లోనై, పంపు ద్వారా తిరిగి పైకి చేరుతుంది. ఆలోచన వినగానే మా శ్రీమతి ఒకే ఒక ప్రశ్న వేశారు. "కిందింటి మామ్మగారి మంచం సరిగ్గా మన హాలు కిందే ఉందండీ. రాత్రి కరెంటు పోయి ఇది పొంగితే, ఆవిడ లేచి పక్కకు జరగగలరా?" మంచం పట్టిన ఆ పెద్దావిడను దృష్టిలో ఉంచుకొనే ప్రతి కొలతనూ నిర్ణయించవలసి వచ్చింది.

పై తొట్టి పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. అంటే అందులో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు కిందికి దిగుతాయి. సంపు పొడవు 75, వెడల్పు 30, ఎత్తు 40 సెంటీమీటర్లు. ఇందులో 2.25 లీటర్లకు ఒక సెంటీమీటరు మట్టం పెరుగుతుంది. పంపు గంటకు 1000 లీటర్లు, అనగా సెకనుకు 278 ఘనపు సెంటీమీటర్లు, తోడుతుంది.

ఇక అడ్డుపలకలు. హీట్ ఎక్స్‌ఛేంజర్లలో బాఫిల్ అనే మాట మనకు కొత్త కాదు. మొదటి పలక అడుగుకు అతికి 22 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నీరు దాని మీదుగా పారుతుంది. రెండవది అడుగు నుంచి 5 సెంటీమీటర్లు పైన మొదలై 30 వరకు ఉంటుంది. నీరు దాని కిందుగా పోతుంది. మూడవది అడుగుకు అతికి 20 ఉంటుంది. నీరు మళ్ళీ మీదుగా పారి పంపు గదిలోకి చేరుతుంది. ఈ మెలికల ప్రయోజనం గాలి బుడగలను వేరుచేయడం. బుడగలు పంపులోకి పోతే చప్పుడు పెరుగుతుంది, పై తొట్టిలో నీరంతా పొగచూరినట్లు కనిపిస్తుంది.

పలకల మధ్య ఒక అంగుళం ఎడం చాలునని చాలామంది చెబుతారు. ఆ ఎడంలో నీరు సెకనుకు సుమారు 3.6 సెంటీమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. మిల్లీమీటరులో అయిదవ వంతు వ్యాసమున్న బుడగ పైకి లేచే వేగం సుమారు 2 సెంటీమీటర్లే. కనుక అది ప్రవాహంతోపాటే కొట్టుకుపోతుంది. ఎడాన్ని 5 సెంటీమీటర్లు చేస్తే నీటి వేగం 1.85కు తగ్గుతుంది, బుడగ తప్పించుకొని పైకి లేస్తుంది. పలక మీదుగా నీరు ఎంత మందంగా పారుతుందో 1855లో తన ప్రయోగాలను ప్రచురించిన అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రంతో లెక్కిస్తే సుమారు 6 మిల్లీమీటర్లు వచ్చింది.

ఇక కరెంటు పోయినప్పటి సంగతి. పంపు ఆగగానే పై తొట్టి నీరు ఓవర్‌ఫ్లో అంచు దాకా దిగుతుంది. అంతటితో ఆగదు. నీటిని పైకి తెచ్చిన గొట్టమే సైఫనుగా మారి వెనక్కు లాగుతుంది. ఆ గొట్టం మూతి నీటిలో 15 సెంటీమీటర్ల లోతున ఉంటే 81 లీటర్లు దిగివస్తాయి. సంపులో మిగిలిన ఖాళీ 40 లీటర్లే. తక్కిన నీరు నేల మీదికి, అక్కడి నుంచి కింది ఇంటి కప్పులోకి చేరుతుంది. అందుచేత గొట్టం మూతిని నీటి ఉపరితలానికి కొద్ది దిగువనే నిలిపి, దానికి పైన సన్నని రంధ్రం ఒకటి వేశాము. అప్పుడు దిగే నీరు 2 సెంటీమీటర్ల మట్టం, గొట్టాలలోనిదీ కలిపి సుమారు 12 లీటర్లు. సంపు అంతా 22 వరకు నిండి ఉన్నదనుకున్నా మట్టం 27.3 దాటదు. ఒకవైపు కవాటాన్ని నమ్ముకోలేదు. నాచు తునక ఒకటి అడ్డుపడితే అది మూసుకోదు.

అతికించడానికి వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికోన్ వాడాము. బూజు పట్టకుండా మందు కలిపిన స్నానాల గది రకం చేపలకు పనికిరాదు. వారం రోజులు ఆరనిచ్చి, నీరు నింపి ఒక రోజంతా పరిశీలించాము. పంపు తీగ ప్లగ్గు కంటె దిగువకు వేలాడి పైకి వెళ్ళేలా కట్టాము. తీగ వెంబడి జారిన నీటి చుక్క ప్లగ్గులోకి కాక నేల మీదికి రాలుతుంది. తరువాత పంపు ఆపి చూశాము. మా శ్రీమతి అద్దం మీద మార్కరుతో గీత గీసి, స్కేలు పెట్టి కొలిచారు. పంపు గదిలో కొంత ఖాళీ ఉన్నందువల్ల నీరు లెక్కకు ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువగానే నిలిచింది.

ఇప్పటికీ ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ రంధ్రాన్ని గుండుసూదితో శుభ్రపరచి, ప్లగ్గు తీసి, నీరు ఎక్కడ ఆగుతుందో చూస్తాము. పంపు గదిలో ఒక లీటరు ఆవిరైతే మట్టం 1.2 సెంటీమీటర్లు పడిపోతుంది గనుక రోజూ ఉదయం ఆ లోటు పూరిస్తాము. నాలుగు చేపలూ క్షేమమే. ఫోను చేసినప్పుడు అమ్మాయి ముందుగా అడిగేది వాటి సంగతే.

ప్లాంటులో ముప్ఫై ఏళ్ళకు పైగా మేము నేర్చుకున్నది ఇదే. యంత్రం నడిచే తీరును అందరూ చూస్తారు. అది హఠాత్తుగా ఆగితే ఎవరి మీద పడుతుందో రూపకర్త ముందే చూడాలి. కిందింటి మామ్మగారికి ఈ లెక్కలేవీ తెలియవు. తెలియవలసిన అవసరం ఆవిడకు రాకపోవడమే ఈ లెక్కల ప్రయోజనం.