కోతమిల్లులో మావారు

గృహప్రవేశానికి వెళ్తాం, గుమ్మానికి రాసిన పసుపు చూస్తాం, "టేకేనా వదినా?" అని అడుగుతాం. ఆ దుంగ కోసిందెవరని మాత్రం అడగం. మావారు ఇరవై రెండేళ్ళుగా కోతమిల్లులో మిషను మీద పని చేస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలూ.

అక్కడ కూలి అడుగుల లెక్క. ఎన్ని అడుగులు కోస్తే అంత. రంపానికి గార్డు బిగిస్తే కోత నెమ్మదిస్తుందని తీసి పక్కన పడేస్తారు. మూడేళ్ళ కిందట మావారి పక్కన పనిచేసే అతనికి అలాగే కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. "అక్కా, చొక్కా బొత్తాలు కూడా నేనే పెట్టాలి. ఆయన గోడకేసి చూస్తూ నిలబడతారు" అంది వాళ్ళావిడ. యజమాని ఆసుపత్రి ఖర్చు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. హాజరుపట్టీలో అతని పేరే లేదు మరి!

చేతికి గ్లౌజులు వేసుకోవచ్చుగా అనిపిస్తుంది మనకి. తిరిగే రంపం దగ్గర అదే ప్రమాదం. గుడ్డ అంచు చిక్కితే చేతినే లాగేస్తుంది. లుంగీ, కండువా, వదులు చొక్కా కూడా అంతే. చిన్న ముక్కల్ని చేత్తో కాక ఇంకో కర్రతో నెట్టాలి.

కనపడని దెబ్బ చెవిది. రంపం మోతకి ముందుగా వినపడకుండా పోయేవి సన్నని శబ్దాలు. అంటే మన గొంతు, పిల్లల మాటలు. పోయిన వినికిడి మళ్ళీ రాదు. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలదు, చెవులు పూర్తిగా మూసే మఫ్‌లు కావాలి. మీవారు మూడోసారి పిలిస్తేగాని పలకకపోతే అలగకండి, చెవులు పరీక్ష చేయించండి.

చెక్కపొడి ముక్కులో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధనా విభాగం 1990లలోనే తేల్చింది. అందుకని పని బట్టలు పెరట్లోనే విప్పించండి. దులపకుండా విడిగా నీళ్ళలో నానెయ్యండి. ఇంట్లో పడిన పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇంకొక్క మాట. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం చేశారు. అదిప్పుడు 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. అది యజమాని దయ కాదు, మన హక్కు. కానీ అక్కడ పని చేస్తున్నట్టు రుజువుండాలి కదా! కూలి చీటీ, అడ్వాన్సు రాసిన చిన్న కాగితం, ఏదైనా సరే, పారెయ్యకండి. హాజరుపట్టీలో పేరుందో లేదో మీవారిచేత అడిగించండి. వేళ్ళు పదీ ఉండగానే అడగాల్సిన మాట ఇది.