విప్రనారాయణతో మొదలుపెట్టండి

ఏ.ఎం. రాజా పాటలు కావాలని ఫోనులో అడిగితే మొదట ఘంటసాల పాట వచ్చింది. తర్వాత పి.బి. శ్రీనివాస్ పాట. ఆ తర్వాతది రాజాదే గానీ, పాడినవారి పేరు దగ్గర ఒక్క జిక్కి పేరే ఉంది. ఇంకోదానికి ఎవరో డ్రమ్ములు తగిలించి, గొంతుకు నూతిలోంచి వచ్చినట్టు ప్రతిధ్వని పెట్టారు. ఘంటసాల అంటే నాకు ప్రాణం, శ్రీనివాస్ గారంటే గౌరవం. అది వేరే సంగతి. ఒకరి పాట అడిగిన మనిషికి ఇంకొకరి పాట వినిపించి, ఇదే అది అని నమ్మించడం అన్యాయం. ఇవాళ కొత్తగా వినేవాళ్లు ఆ పేరునే నమ్ముతారు. ఆ కోపం చల్లారకముందే మా మేనకోడలు హైదరాబాదు నుంచి పిలిచి, "మామయ్యా, రాజా పాటలన్నీ పోగుచేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టను?" అంది. అప్పుడు నోటికొచ్చిందేదో చెప్పాను. చెప్పవలసింది ఇంకా చాలా ఉంది.

ముందుగా, ఆణిముత్యాలనీ మధుర గీతాలనీ పేరు పెట్టి అమ్మే కదంబాల జోలికి పోకండి. వాటిలో తిప్పి తిప్పి అవే పాటలుంటాయి, అందులోనూ ముప్పాతిక యుగళగీతాలు. లీల పక్కన, సుశీల పక్కన సగం చరణం పాడి తప్పుకునే మనిషిగానే రాజా మనకు తెలుస్తాడు. ఆయన ఒక్కడే పాడుతున్నప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో, మాట చివర అక్షరాన్ని ఎలా వదిలేస్తాడో తెలియాలంటే 1954లో భరణీ వారు తీసిన 'విప్రనారాయణ' దగ్గర కూర్చోవాలి. సంగీతం సాలూరు రాజేశ్వరరావు. తెర మీద అక్కినేని నాగేశ్వరరావు, భానుమతి. అంతకుముందు ఏడాదే 'దేవదాసు'లో నాగేశ్వరరావుకు ఘంటసాల పాడి ఊళ్లన్నిటినీ ఏడిపించాడు. జనం చెవుల్లో ఆ గొంతు ఇంకా మోగుతుండగానే, అదే నటుడికి, అందులోనూ రంగనాథుడికి పూలమాలలు కట్టే భక్తుడి వేషానికి, రాజా చేత పాడించారు. ఎంత ధైర్యం! ఆ ధైర్యం ఎందుకు ఫలించిందో 'చూడుమదే చెలియా' వింటే తెలుస్తుంది. గొంతు ఎక్కడా పైకి లేవదు. భక్తుడు తోటలో తనలో తాను అనుకుంటున్న మాటలు మన చెవిన పడ్డట్టు ఉంటుంది.

ఇలా పాడటం మైకు వచ్చాకే సాధ్యమైంది. పద్య నాటకాల రోజుల్లో చివరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా రాగం అందాలంటే నటుడు గుండెల నిండా గాలి పట్టి గొంతు విసరాల్సిందే. మన తొలి సినిమా పాటల్లోనూ ఆ విసురు ఉంది. అమెరికాలో బింగ్ క్రాస్బీ లాంటివాళ్లు మైకును మనిషి చెవిలా భావించి దానికి మెల్లగా పాడటం మొదలుపెట్టారు. హిందీలో తలత్ మహమూద్ అదే పని చేశాడు. మన భాషలో ఆ విద్య పూర్తిగా వంటబట్టినవాడు చిత్తూరు జిల్లా రామచంద్రాపురంలో 1929లో పుట్టిన ఈ రాజా. గొంతులో బలం లేదని ఆయన్ని తీసిపారేసేవాళ్లను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, ఇప్పటికీ వాళ్లను క్షమించలేదు. గట్టిగా పాడకపోవడానికి ఎంత ఊపిరి కావాలో వాళ్లకు తెలియదు. పంక్తి పొడుగునా స్వరం వణక్కుండా, పలచబడకుండా, చివరి మాటను నేల మీద పెట్టినట్టు పెట్టడం ఎవరికి వాళ్లు ఒకసారి ప్రయత్నించి చూడాలి.

రెండోది 'మిస్సమ్మ', 1955. ఎన్.టి. రామారావు మీద చిత్రించిన పాటలు రాజా పాడాడు. ఇక్కడ ఒక చిన్న చిట్కా ఉంది. తమిళంలో అదే చిత్రం 'మిస్సియమ్మ'గా వచ్చింది, హీరో జెమినీ గణేశన్, గొంతు మళ్లీ రాజాదే. రెండూ సంపాదించి ఒకదాని వెంట ఒకటి వినండి. వరస అదే, పాడినవాడు అతనే, అయినా తెలుగులో అచ్చుల మీద ఆగుతాడు, తమిళంలో హల్లుల మీద నడుస్తాడు. ఆయన భాషను ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడో ఏ వ్యాసమూ ఇంత బాగా చెప్పలేదు.

మిస్సమ్మ పేరెత్తితే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది, చెప్పకుండా ముందుకు పోలేను. మా బంధువుల ఇంట్లో పెద్ద చెక్కపెట్టె నిండా నిమిషానికి డెబ్బయ్యెనిమిది చుట్లు తిరిగే పాత రికార్డులుండేవి. గ్రామఫోను చెడిపోయాక వాటిని ఏం చేయాలో తోచలేదు. అప్పట్లో ఒక వేలంవెర్రి నడిచింది. రికార్డును వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, అంచులు పైకి మడిచి వదిలేస్తే చల్లారాక పూలగిన్నె అవుతుంది. ఆ ఇంటికి పండక్కి వెళ్తే ముందుగదిలో టీపాయ్ మీద అలాంటి గిన్నె ఉంది. నల్లగా, కుచ్చెళ్లు పెట్టినట్టు అంచులు, నిండా ప్లాస్టిక్ గులాబీలు. పూలు పక్కకు జరిపి చూస్తే లేబులు మీద బంగారు రంగు అక్షరాలు మాసిపోలేదు. మిస్సమ్మ, ఏ.ఎం. రాజా, పి. లీల. వేలితో తడిమితే గాడులు ఇంకా తగులుతున్నాయి. ఆ గాడుల్లో ఆ పాట ఉంది, ఇక దాన్ని ఏ ముల్లూ చదవలేదు. అలాంటి గిన్నెలు ఆ ఇంట్లో అలమరలోనూ ఉన్నాయి, చుట్టాలకు కానుకలుగా కూడా ఇచ్చారు. ఆ రోజు పెట్టిన బొబ్బట్లు నాకు గొంతు దిగలేదు. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లే, నన్ను ప్రేమగానే చూసేవాళ్లు, అయినా ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

అందుకని, ఎక్కడైనా రికార్డు దొరికితే మీరు చేయవలసినవి చెబుతాను. అది లక్కతో, రాతిపొడితో చేసిన వస్తువు. కింద పడితే పెంకులవుతుంది. స్పిరిటుతో తుడిచారా, లక్క కరిగిపోతుంది. కాస్త నీళ్లు, మెత్తటి బట్ట చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎల్.పి. ప్లేయరు ముల్లుతో అసలు వాయించకండి. ఆ ముల్లు సన్నం, ఈ గాడి వెడల్పు. ముల్లు గాడి అడుగున కొట్టుకుపోతూ చెత్త శబ్దాన్నంతా ఏరి తెస్తుంది. డెబ్బయ్యెనిమిదికి వేరే ముల్లు అమ్ముతారు, కొనుక్కోండి. పాత గ్రామఫోను మీదే వాయిస్తానంటే ప్రతి పక్కకూ ఉక్కు ముల్లు మార్చాలి. ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. ఇంట్లో కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు వేగం సరిచూసుకోండి. వేగం కాస్త పెరిగితే చాలు, శ్రుతి పెరుగుతుంది, రాజా గొంతు చిన్నపిల్లాడి గొంతవుతుంది. బజారులో దొరికే కదంబాల్లో చాలావాటికి ఈ జబ్బే. ఆ గొంతు విని రాజాది ఆడగొంతు అని తీర్మానించినవాళ్లున్నారు.

మూడోది 'పెళ్లికానుక', 1960. దీనికి సంగీతం కూడా రాజాదే. శ్రీధర్ 1959లో తమిళంలో తీసిన 'కల్యాణ పరిసు' దీనికి మాతృక, దానికీ ఈయనే సంగీతం. అంతకుముందే 1958లో 'శోభ'తో సంగీత దర్శకుడయ్యాడు. తన గొంతుకు ఏ ఎత్తు నప్పుతుందో తనకంటే ఎవరికి తెలుసు? 'కన్నులతో పలుకరించు' పాటలో వాద్యాలు ఎంత తక్కువ మాట్లాడతాయో గమనించండి. గాయకుడు పాడుతున్నప్పుడు తప్పుకుంటాయి, ఆగినప్పుడు వస్తాయి. ఇది దొరికాక 'కల్యాణ పరిసు', 'తేన్ నిలవు' వాటంతటవే మీ దారిలోకి వస్తాయి. మలయాళం వైపు వెళ్లాలనిపిస్తే 1962 నాటి 'భార్య'తో వెళ్లండి.

ఆయన్ని చూడాలనుంటే 1953 నాటి 'పక్కింటి అమ్మాయి' ఉంది. అందులో రాజా నటించాడు. రేలంగి పక్కింటి అమ్మాయి కోసం పెదవులు కదుపుతుంటే, వెనక నుంచి పాడే స్నేహితుడి వేషం. నేపథ్య గాయకుడు నేపథ్య గాయకుడిగానే తెర మీదికి వచ్చాడు.

అదే ఏడాది రాజ్‌కపూర్ 'ఆహ్' తెలుగులో 'ప్రేమలేఖలు'గా వచ్చింది. శంకర్ జైకిషన్ వరసలకు ఆరుద్ర మాటలు కూర్చాడు. రాజా, జిక్కి పాడారు. వాళ్లిద్దరూ తర్వాత పెళ్లి చేసుకున్నారు, సినిమాలు తగ్గాక కలిసి ఊరూరా కచేరీలు చేశారు. 1989 ఏప్రిల్‌లో అలా కచేరీకి వెళుతూనే తమిళనాడులో వళ్లియూరు స్టేషనులో రైలు ప్రమాదంలో రాజా పోయాడు.

అసలు జిక్కి కోసం ఇంకో అర ఖాళీ చేసుకోవాలి. 1943లో 'పంతులమ్మ'లో చిన్నపిల్లగా కనిపించిన మనిషి ఆమె. 1955లో 'రోజులు మారాయి'లో వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట ఆమెదే. ఆ గొంతులో పొలం గట్టు మీద పరుగెత్తే పిల్ల ఉంది. రెండేళ్లకు 'సువర్ణసుందరి'లో ఘంటసాలతో కలిసి రాగాలు మారుతూ పోయే 'హాయి హాయిగా' పాడింది. అది పాడింది ఈమేనా అని ఎవరైనా ఆగిపోవాలి. రాజా పోయాక ఇంకేం పాడుతుందిలే అనుకున్నాం. 1991లో ఇళయరాజా 'ఆదిత్య 369'లో రాయలవారి సభలో నాట్యానికి పిలిపించి పాడించారు. ఆ తర్వాత 2001లో 'మురారి'. మణిశర్మ ఆమె పక్కన సునీతను, సంధ్యను నిలబెట్టి పెళ్లిపాట పాడించారు. ముగ్గురిలో జిక్కి గొంతు ఏదో పోల్చుకోవడం కష్టమేమీ కాదు. అక్షరం చివర తొందరపడదు, అరవై దాటినా అచ్చు విరగదు. మైకును మనిషి చెవిలా భావించి పాడే పద్ధతి ఆమెదీ. ఇప్పుడు మా వైపు ఏ పెళ్లిలో చూసినా వీడియోవాళ్లు తలంబ్రాల దగ్గర ఆ పాటే వేస్తున్నారు.