ఎనిమిది నంబరు సూది

మా అక్క అమెరికా నుంచి ఒక పీడీఎఫ్ పంపింది, పుట్టబోయే పాపాయికి స్వెటర్ ప్యాటర్న్. కాన్పుకి అమ్మ వెళ్లాల్సింది. వీసా అపాయింట్‌మెంట్ టైముకి దొరకలేదు, అందుకని స్వెటర్ వెళ్తోంది. అమ్మకి అల్లడం వచ్చు, ఇంగ్లిష్ రాదు. నాకు ఇంగ్లిష్ వచ్చు, అల్లడం రాదు. రోజూ రాత్రి హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో నేను చదువుతా, నాయుడుపేటలో ఆమె అల్లుతుంది.

మొదటి చిక్కు దారంతోనే. ప్యాటర్న్ అడిగేది మెరినో ఊలు. మా ఊళ్లో ఫ్యాన్సీ షాపుకెళ్లి ఊలు అంటే ఇచ్చేది అక్రిలిక్. చలికాలమంటే ఫ్యాన్ ఒక పాయింట్ తగ్గించడమే అయిన ఊళ్లో మెరినో ఎవరు అమ్ముతారు? అక్క ఉండే టెక్సస్‌లోనూ ఎండలే కాబట్టి నూలే మంచిదని అమ్మ తేల్చేసింది. కానీ దారం మార్చడం ప్రోగ్రామ్‌లో డేటా టైప్ మార్చినట్టే. ఒకచోట మారిస్తే కింద పది చోట్ల ఎర్రర్లొస్తాయి.

నాకు బాగా నచ్చింది నంబర్ల గోల. ప్యాటర్న్‌లో 8 నంబరు సూది అనుంది. అమ్మ స్టీలు డబ్బాలోనూ 8 నంబరు సూదులున్నాయి. అయితే అవి పాత బ్రిటిష్ లెక్కవి. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్క తలకిందులు, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. దారానికీ ఇదే గొడవ. అమెరికా దారం లేబుల్ మీద 4 అంటే 3 కంటే లావు. అదే మా పక్కనున్న వెంకటగిరిలో 100 నంబరు నూలంటే వెంట్రుకలా ఉంటుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు 100 వస్తే అది 100 నంబరన్నమాట. అమ్మ పుట్టిల్లు అక్కడే, ఇది నాకు చెప్పింది ఆమే.

అమ్మ ముందు ఒక చిన్న ముక్క అల్లి, ఉతికి ఆరేశాకే కొలిచింది. నూలు మొదటి ఉతుకుకి ముడుచుకుంటుందట. ప్యాటర్న్ ప్రకారం 4 అంగుళాలకి 20 కుట్లు రావాలి. అమ్మకి తన సూదులతో 24 వచ్చాయి. అంటే 50 కుట్లు వేయమన్నచోట 60. నేను పైథాన్‌లో రెండు లైన్లు రాసేలోపే అమ్మ వేళ్లమీద "అయిదుకి ఒకటి ఎక్కువ" అనేసింది.

లెక్కకి లొంగనివీ ఉన్నాయి. "ఊలు లాగితే మళ్లీ తన చోటికొస్తుంది రా. నూలు అట్టా కాదు, సాగిందంటే అంతే" అంది. అందుకే మణికట్టు దగ్గర ఇంకా సన్న సూది వాడింది. తల మీంచి లాగి తొడిగే మెడ తీసేసి ముందు బొత్తాలు పెడుతోంది. బరువు దగ్గరా తేడానే. అదే మందంలో నూలు ఊలు కంటే బరువు, గ్రాములు చూసి కొంటే దారం చాలదు. షాపు బంతి మీద గజాలు రాసి లేవు. అమ్మ ఒక బంతి మొత్తం విప్పి, మూరలేసి కొలిచి, మళ్లీ చుట్టింది. ఆ రాత్రి అల్లిక లేదు.

వెనక ముక్క అయిపోయింది, ఇప్పుడు చేతులు. ప్యాటర్న్‌లో ఆరున్నర అంగుళాలని ఉంది. "పాపాయి చెయ్యి ఎంతుంటుందే?" అని అక్కని అడిగింది అమ్మ. ఇంకా పుట్టలేదు కదమ్మా అంది అక్క.

అమ్మ ఏడు వేస్తోంది. అరంగుళం మడిచి తొడగొచ్చట.