మసాలా డబ్బాలోని అడవి

బిర్యానీ మసాలాలో దాల్చినచెక్క, ఏలకులతోపాటు ఎండుటాకువలె కనిపించే ఒక దినుసును మన ఇళ్ళలో చిటికెడు వేస్తారు. దానిని పత్థర్ కా ఫూల్ అంటాము, తెలుగులో రాతిపువ్వు. నిజానికి అది రాయీ కాదు, పువ్వూ కాదు. ఆ సంగతి మాకు మున్సియారీ వెళ్ళిన తర్వాతే తెలిసింది.

మున్సియారీ ఉత్తరాఖండ్‌లోని పిథోరాగఢ్ జిల్లాలో, పంచచూలీ మంచు శిఖరాలకు ఎదురుగా ఉన్న చిన్న ఊరు. అక్కడ అటవీశాఖ 2020లో లైకెన్ల ఉద్యానవనాన్ని నెలకొల్పింది. దేవదారు చెట్ల బెరడుపై బూడిదరంగు మచ్చలను చూచి, చెట్లకు తెగులు సోకిందనుకున్నాము. అది తెగులు కాదు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురమే లైకెన్. శిలీంధ్రం నీడనూ తేమనూ ఇస్తే, శైవలం ఎండతో ఆహారం వండుతుంది. చెట్టు ఇచ్చేది నిలువ చోటు మాత్రమే.

కొన్ని లైకెన్లు బెరడుకు పొరలా అంటుకొని ఉంటాయి. కొన్ని గడ్డంలా వ్రేలాడుతాయి. ఆకువంటివాటి అంచును మాత్రం గోటితో కాస్త ఎత్తి చూడవచ్చు. గుర్తింపు అక్కడే మొదలవుతుంది. రాతిపువ్వు పైభాగం బూడిదరంగు, అడుగు నలుపు. అడుగున మధ్యలో వేళ్ళవంటి పోగులుంటాయి. అవి పట్టుకొని నిలవడానికే. అంచు దగ్గర పోగులు లేక నున్నగా, గోధుమరంగులో ఉంటుంది. అంచుల మీద పొడివంటి రేణువులు కనిపిస్తాయి. అవి రాలినచోట కొత్త లైకెన్ పుట్టగలదు. పైభాగమంతా వలవంటి గట్లు, గుంటలు ఉంటే అది లోబేరియా అనే మరో జాతి. చూపుకు తేడా తెలియనప్పుడు నిపుణులు లోపలి తెల్లని పొరపై క్షారపు చుక్క వేసి, రంగు మారుతుందేమో చూస్తారు.

కుమావూఁ ప్రాంతంలో దీనిని ఝూలా అంటారు. అడవులలో సేకరించి మసాలా వ్యాపారులకు అమ్ముతారు. అయితే ఇది ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. అరచేయంత కావడానికి పదేళ్ళకు పైగా పట్టవచ్చు. ఆ మాట విన్న మా చిన్నమ్మాయి బెరడు మీది చేతిని వెనక్కు తీసుకొని, “అమ్మీ, మరి మన డబ్బాలోది ఎవరు పీకారు?” అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము.

ఇల్లు చేరాక డబ్బాలోని ముక్కనొకదానిని నీటిలో వేశాము. కాసేపటికి అది మెత్తబడి విచ్చుకొన్నది. పైన బూడిదరంగు, అడుగున నలుపు, నున్నని గోధుమరంగు అంచు: అడవిలో నేర్చుకొన్న గుర్తులన్నీ కనిపించాయి. ఇప్పుడు మా బిర్యానీలో రాతిపువ్వు పడుతూనే ఉన్నది; కాని మునుపటిలో సగమే.