నడుమ ఫ్రేములు

2024 జూన్ 3

కొత్తగా చేరిన కుర్రాడు ఒక పాత్ర చేత దండం పెట్టించాలని ఉదయం నుంచీ కుస్తీ పడుతున్నాడు. మొదటి కీఫ్రేములో చెయ్యి కిందికి వేలాడుతోంది. చివరి కీఫ్రేములో గుండె దగ్గరికి వచ్చింది. రెండు బొమ్మలూ ముచ్చటగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వేసిన నడుమ ఫ్రేములతో కలిపి ప్లే చేస్తే మాత్రం చెయ్యి భుజాన్ని వదిలేసి, గాల్లో తేలుతూ పోయి, ఆఖర్న వచ్చి అతుక్కుంటోంది.

"రెండు చోట్లా సరిగ్గానే ఉంది కదన్నా?" అన్నాడు.

చేతిని ఎంచుకుని క్యూ కీ నొక్కమన్నాను. ఫ్రీ ట్రాన్స్‌ఫామ్ చట్రం వచ్చింది. అందులో చిన్న తెల్ల చుక్క. మొదటి కీఫ్రేములో ఆ చుక్క మోచేతి దగ్గరుంది, చివరిదాంట్లో భుజం మీద ఉంది. మేం వాడే అడోబీ యానిమేట్ సాఫ్ట్‌వేర్ ఆ చుక్కనే ఇరుసుగా పట్టుకుని బొమ్మను తిప్పుతుంది. ఇరుసు మొదట ఒకచోట, చివర మరోచోట ఉంటే నడుమ చెయ్యి నిలవదు. చివరి కీఫ్రేము తీసేసి, మొదటిదాంట్లో చుక్కను భుజం కీలు మీదికి లాగి, అదే ఫ్రేమును కాపీ చేసి చివర పెట్టి, అప్పుడు తిప్పాడు. చెయ్యి కుదురుగా లేచింది.

నిమ్మలకుంట ఊళ్ళో తోలుబొమ్మలు చేసేవాళ్ళకి ఈ సంగతి తరతరాలుగా తెలుసు. కీలు రావలసిన చోట దారం ముడి వేస్తారు. ముడి ఎక్కడుంటే చెయ్యి అక్కణ్ణించే ఊగుతుంది.

జూన్ 5

నేల మీద పడే బంతి. తగలగానే అప్పడంలా అణిగి మళ్ళీ లేవాలి. వెడల్పు నూటికి 120 చేస్తే ఎత్తు 83 దగ్గరికి తగ్గించాలి, లేదంటే బంతి అణిగినట్టు కాదు, లావైనట్టు కనిపిస్తుంది. డిస్నీ కళాకారులు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వేసిన పుస్తకంలో చెప్పిన పన్నెండు సూత్రాల్లో మొట్టమొదటిది ఇదే. సాగినా నలిగినా సరుకు మారకూడదు.

సింబల్‌కి, అంటే లైబ్రరీలో దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడుకునే బొమ్మకి, ఇరుసు మామూలుగా నట్టనడుమ ఉంటుంది. అలాగే వదిలేసి ఎత్తు తగ్గిస్తే బంతి అడుగు నేలను వదిలి పైకి లేస్తుంది. చుక్కను అడుగుకి దింపితే నేలనంటే ఉంటుంది.

జూన్ 8

పిల్లల అక్షరాల పాఠానికి 'అ' కరిగి 'ఆ' కావాలి. కంట్రోల్ బి కొట్టి రెండు అక్షరాలనూ ఆకారాలుగా విడగొట్టి, ఒక ఆకారం మరోదానిగా మారే నడుమ ఫ్రేములను సాఫ్ట్‌వేరే వేసేలా షేప్ ట్వీన్ పెట్టాను. రెండింటికీ ఒళ్ళంతా ఒకటే, తేడా అంతా కుడివైపు కొసలోనే. మనకి చూడగానే తెలుస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుస్తుంది? దానికి కనిపించేవి వంపులూ బిందువులూ మాత్రమే. తనకు తోచిన బిందువును తనకు తోచిన బిందువుతో కలిపింది. నడుమ ఫ్రేముల్లో అక్షరం తనలో తానే మడతపడి, చిరిగిన గుడ్డముక్కలా తయారైంది.

షేప్ హింట్లు ఉన్నవి ఇందుకే. ఆంగ్ల అక్షరాలు రాసిన చిన్న గుండ్రాలు అవి, ఎక్కువలో ఎక్కువ 26. మొదటి ఆకారంలో ఒకటి పెడితే చివరి ఆకారంలో దాని జంట ప్రత్యక్షమవుతుంది. రెండింటినీ సరిగ్గా అంచు మీద కూర్చోబెడితే మొదటిది పసుపు, రెండోది ఆకుపచ్చ అవుతుంది. అంచు తప్పితే ఎర్రగా ఉండిపోతుంది. ఎడమవైపు పైమూల నుంచి మొదలుపెట్టి, గడియారం ముల్లుకి ఎదురుదిశలో వరుసగా పెట్టుకుంటూ వెళితే బాగా పనిచేస్తాయి. కొసకి రెండు, పైన ఒకటి, పొట్ట దగ్గర ఒకటి పెట్టాను. ఒళ్ళు కదలకుండా నిలబడి, కొస ఒక్కటే మెలిక తిరిగింది. ఇది చూస్తే పిల్లలకి దీర్ఘం ఎక్కడ పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

జూన్ 9, ఆదివారం

పీటర్ ఫోల్డెస్ 1974లో తీసిన 'హంగర్' మళ్ళీ చూశాను. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు చిత్రం. ఒకడు తింటూనే ఉంటాడు, తినేకొద్దీ ఉబ్బుతాడు, చివరికి ఆకలిగొన్నవాళ్ళు వాణ్ణే తినేస్తారు. కీలకమైన బొమ్మలు ఫోల్డెస్ గీస్తే, నడుమ గీతలు కంప్యూటర్ వేసింది. ఆ పద్ధతిని తయారు చేసింది అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో పనిచేసిన నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలీ వెయిన్. ఆస్కార్‌కి నామినేట్ అయిన మొదటి కంప్యూటర్ యానిమేషన్ ఇదే.

ఆనాటి యంత్రానికి గీతను గీతలోకి జార్చడమే వచ్చు. ఫోల్డెస్ దాన్ని లోపంగా చూడలేదు. ఒక రూపం మరో రూపంలోకి జారుతున్నప్పుడు కలిగే ఆ జుగుప్సే కథకు ప్రాణం. ఏ రూపమూ నిలవని ఆకలి అది. ఈ పదకొండు నిమిషాలను యానిమేషన్ చదివే ప్రతివాళ్ళూ చూడాలి.

జూన్ 13

ఎన్వలప్ అనే పరికరంతో చేపను ఈదించాం. ఆకారం చుట్టూ బిందువులు, ఒక్కోదానికి పిడులు. పిడి లాగితే ఒళ్ళు మెలి తిరుగుతుంది. సింబల్ మీదా, అక్షరాల మీదా, ఫొటోల మీదా ఇది పనిచేయదు, ఉత్త ఆకారాల మీదే. సింబల్‌ని విడగొట్టవచ్చు గానీ విడగొట్టిన చేపకి లైబ్రరీతో చుట్టరికం తెగిపోతుంది. రేపు అసలు చేపకి రంగు మార్చినా దీనికి అంటదు. అందుకే సింబల్ లోపలికి వెళ్ళి అక్కడే వంచడం నయం.

జూన్ 14

నెలవంక కావాలంటే గీయక్కర్లేదు. మెర్జ్ డ్రాయింగ్ పద్ధతిలో పసుపు వృత్తం మీద వేరే రంగు వృత్తం పెట్టి, ఎంపిక వదిలేసి, మళ్ళీ పట్టుకుని పక్కకి లాగితే చాలు. కిందిది కోసుకుపోతుంది.

జూన్ 18

ఫ్యూచర్‌స్ప్లాష్ పేరుతో 1996లో వచ్చిన సాఫ్ట్‌వేర్ మాక్రోమీడియా చేతికి పోయి ఫ్లాష్ అయింది, అడోబీ చేతిలో 2016లో యానిమేట్ అయింది. ఫ్లాష్ ప్లేయర్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది. ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మానేద్దామా అని అప్పట్లో చాలామంది దిగులుపడ్డారు. దిగులు పడాల్సింది లేదు. ఇరుసు, కీఫ్రేము, నడుమ ఫ్రేము ఏ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళినా ఎదురయ్యేవే.

జూన్ 21

నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక మాట. ట్వీన్ పెట్టగానే మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ చూసి తృప్తిపడి లేవకండి. టైమ్‌లైన్‌లో సరిగ్గా సగానికి వెళ్ళి ఆగండి. అక్కడున్న బొమ్మ మీరు చేత్తో గీసి ఉంటే అలా గీసేవాళ్ళేనా? కాదంటే అక్కడే ఎఫ్6 నొక్కి, దాన్ని మీరే గీయండి.